తీగలకు పేర్లు పెడదాం – చిన్న వ్యాపారంలో నెట్‌వర్క్ సర్దుకునే పద్ధతి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాను. కానీ మన హాస్టల్లో కవులకు ఎప్పుడూ కొరత లేదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు నేను ఈ గదుల్లోనే పెరిగాను. ఇప్పుడు ఎం.సి.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. రెండేళ్లుగా సాయంత్రాలు, ఆదివారాలు గుంటూరులో నెట్‌వర్క్ పనులు చేసే ఒక మేస్త్రి అన్న దగ్గర సహాయకుడిగా పనిచేస్తూ నా ఖర్చులు నేను చూసుకుంటున్నాను. కాబట్టి నా చేతులకు తెలిసిన పని గురించే రాస్తాను.

కంప్యూటర్ చదువు అనగానే మనకు హైదరాబాదు, పెద్ద కంపెనీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గుర్తుకొస్తాయి. అది మంచిదే. కానీ మన ఊళ్లలోని మందుల షాపు, రైస్ మిల్లు, నర్సింగ్ హోమ్, స్కూలు, ఆడిటర్ ఆఫీసు – వీటన్నిటిలోనూ నాలుగో పదో కంప్యూటర్లు, కెమెరాలు, ప్రింటర్లు ఉన్నాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపే తీగలు సరిగా ఉంటేనే వాళ్ల వ్యాపారం నడుస్తుంది. ఈ పనికి సిఫారసు అక్కర్లేదు. ఓపిక, శుభ్రత, లెక్క ఉంటే చాలు. ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఎందుకంటే ఈ విషయం విలువ నాకు ఆ తప్పు వల్లనే తెలిసింది.

నా తప్పు

పనిలో చేరిన రెండో నెలలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణానికి కొత్త ప్రింటరు కలపడానికి వెళ్లాను. మేస్త్రి అన్న వేరే చోట ఉన్నారు. ఆ దుకాణంలో స్విచ్ అనే పరికరం మెట్ల కింద మేకుకు వేలాడుతోంది. దాని చుట్టూ ఇరవై పైగా నీలం రంగు కేబుళ్లు కాకిగూడులా అల్లుకుని ఉన్నాయి. దేని మీదా పేరు లేదు. ఒక కేబుల్ కొస కిందికి వేలాడుతూ కనిపించింది. ‘పాపం, ఊడిపోయినట్టుంది’ అనుకుని తీసి స్విచ్‌లో ఖాళీగా ఉన్న పోర్టులో పెట్టేశాను.

నిమిషంలో దుకాణంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. బిల్లు రావడం లేదు, స్టాకు కనిపించడం లేదు. సాయంత్రం ఐదు గంటలు. పల్లెల నుంచి వచ్చిన మందుల షాపుల వాళ్లు కౌంటరు దగ్గర నిలబడి ఉన్నారు. చేతితో బిల్లు రాద్దామంటే ధరలు, బాకీలు అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. రూటర్ ఆపి వేశాం. ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేశాం. బిల్లింగ్ కంప్యూటర్ రెండుసార్లు ఆపి తిరిగి వేశాం. దేనికీ లొంగలేదు. ఇన్సులిన్ కోసం ఐస్ డబ్బా పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన ఆఖరి బస్సు వేళ అవుతోందని ఖాళీ డబ్బాతోనే వెళ్లిపోయాడు.

ఏడు గంటలకు మేస్త్రి అన్న వచ్చి స్విచ్ మీది దీపాలు చూశారు. అన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు మిణుకుమంటున్నాయి. ఒక్కో కేబుల్ పీకుతూ వచ్చారు. నేను పెట్టిన కేబుల్ పీకగానే దీపాలు నెమ్మదించాయి. అది ఊడిపోయిన కేబుల్ కాదు. దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది. ఎవరో ఎప్పుడో వాడి వదిలేసిన ముక్క అది. ఓనరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు కూలి మాత్రం నేను తీసుకోలేకపోయాను.

అసలు ఎందుకు ఆగిపోయింది?

ఇక్కడ స్విచ్ అంటే గోడ మీద లైటు వేసే స్విచ్ కాదు. అనేక కంప్యూటర్లను కలిపే పెట్టె. ఏ పోర్టులో ఏ యంత్రం ఉందో గుర్తు పెట్టుకుని, ఎవరికి వచ్చిన సమాచారాన్ని వాళ్లకే అందిస్తుంది. అయితే కంప్యూటర్లు అప్పుడప్పుడు ‘ఫలానా చిరునామా ఎవరిది?’ అని అందరినీ ఉద్దేశించి కేక వేస్తాయి. దీన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. స్విచ్ ఈ కేకను అది వచ్చిన పోర్టుకు తప్ప మిగిలిన అన్ని పోర్టులకూ పంపుతుంది.

ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉంటే ఏమవుతుంది? ఏడో పోర్టులోంచి వెళ్లిన కేక పన్నెండో పోర్టులోంచి తిరిగి లోపలికే వస్తుంది. అది కొత్త కేక అనుకుని స్విచ్ మళ్లీ అందరికీ పంపుతుంది. అది మళ్లీ తిరిగొస్తుంది. ఈ స్థాయిలో ‘ఇన్నిసార్లు తిరిగాక ఆగిపో’ అనే లెక్క లేదు. కావున సెకనులో వేల సార్లు తిరిగి అసలు పనికి దారి లేకుండా చేస్తుంది. దీన్నే లూప్ అంటారు.

దీనికి 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక ఉపాయం కనిపెట్టారు. దాని పేరు స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, లూప్ కనిపిస్తే ఒక దారిని మూసేస్తాయి. ఖరీదైన స్విచ్‌లలో ఈ సదుపాయం ఉంటుంది. చిన్న దుకాణాల్లో వాడే మామూలు స్విచ్‌లలో సాధారణంగా ఉండదు. అక్కడ మనల్ని కాపాడేది కేబుల్ మీద అంటించిన చిన్న చీటీ మాత్రమే. ఆ రోజు ఆ చీటీ లేదు. అందుకే రెండు గంటలు పోయాయి.

ఇక అసలు పద్ధతికి వస్తాను. ఆ దుకాణాన్నే తర్వాత మేము సర్దాం కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

మొదటి మెట్టు: కాగితం, పెన్సిలు

డ్రిల్లింగ్ మిషన్ కంటే ముందు కాగితం తీయాలి. ఇంటర్నెట్ వచ్చే దారి ఇలా ఉంటుంది: బయటి ఫైబర్ తీగ ముందు చిన్న పెట్టెలోకి వస్తుంది, అక్కడి నుంచి రూటర్‌కు, రూటర్ నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి ప్యాచ్ ప్యానెల్‌కు, ప్యాచ్ ప్యానెల్ నుంచి గోడలోని తీగ ద్వారా బల్ల పక్కనున్న గోడ పెట్టెకు, అక్కడి నుంచి కంప్యూటర్‌కు. ప్యాచ్ ప్యానెల్ అంటే గోడల్లోంచి వచ్చిన తీగలన్నీ వరసగా ముగిసే పలక. దానిలో కరెంటు ఉండదు, బుద్ధి ఉండదు. కానీ క్రమం ఉంటుంది. గోడలోని తీగను ఒకసారి దాని వెనక బిగించాక మళ్లీ ముట్టుకోం. ముందు వైపు పొట్టి కార్డులను మాత్రమే మారుస్తాం. అందువల్ల అసలు తీగ అరగదు.

దుకాణమంతా తిరిగి లెక్క రాసుకోవాలి. మా లెక్క ఇది: కంప్యూటర్లు 8, ప్రింటర్లు 2, కెమెరాలు 4, వైఫై పెట్టె 1. మొత్తం 15. రేపు కొత్త బల్ల వేస్తారేమో అని అనుమానం ఉన్న చోట్ల 4 పాయింట్లు అదనం. మొత్తం 19. కాబట్టి 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్ తీసుకున్నాం.

కెమెరాలకు, వైఫై పెట్టెకు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్ లోంచే ఇవ్వవచ్చు. దీన్ని పీఓఈ అంటారు. 2003లో వచ్చిన మొదటి ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల వరకు ఇవ్వగలదు. 2009లో దాన్ని 30 వాట్లకు పెంచారు. స్విచ్ మొత్తం మీద ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూసి, కెమెరాల అవసరాన్ని కూడి సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. మేము 4 కెమెరాలకు, వైఫైకి కలిపి 8 పోర్టుల పీఓఈ స్విచ్ ఒకటి పెట్టాం. మిగిలిన 8 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, రూటర్, కెమెరాల రికార్డర్, పీఓఈ స్విచ్ – ఇవి 13. అదనపు పాయింట్లు 4 కలిపితే 17. పదహారు పోర్టులది చాలదు. కావున 24 పోర్టుల స్విచ్ తీసుకున్నాం. చూశారా, ఇది మూడో తరగతి కూడికే. కానీ ఈ కూడిక చేయకుండా కొన్నవాళ్లు ఆరు నెలలకు ఒక స్విచ్‌కు ఇంకో స్విచ్ తగిలిస్తూ పోతారు. కాకిగూడు అక్కడే మొదలవుతుంది.

రెండో మెట్టు: రాక్‌కు మంచి చోటు

పరికరాలన్నీ ఒకేచోట, తాళం వేసే పెట్టెలో ఉండాలి. దీన్ని రాక్ అంటారు. దీని ప్రామాణిక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును ‘యూ’లలో కొలుస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, అనగా 44.45 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ స్విచ్ అయినా ఏ కంపెనీ రాక్‌లోనైనా పట్టేది ఈ కొలత వల్లనే.

ఆ దుకాణానికి గోడకు బిగించే 9 యూ రాక్ సరిపోయింది. పైన ప్యాచ్ ప్యానెల్ 1 యూ, దాని కింద తీగలను పట్టి ఉంచే కేబుల్ మేనేజర్ 1 యూ, స్విచ్ 1 యూ, రూటర్, పీఓఈ స్విచ్ పెట్టే అర 2 యూ, రికార్డర్ అర 2 యూ, కరెంటు ప్లగ్గుల పట్టీ 1 యూ. ఇంకా 1 యూ ఖాళీ. యూపీఎస్ బరువైనది కాబట్టి గోడ రాక్‌లో పెట్టకుండా కింద పీట మీద పెట్టాం. ప్లగ్గుల పట్టీకి, రాక్ ఇనుప చట్రానికి ఎర్తింగ్ తప్పనిసరి. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

రాక్‌ను మెట్ల కింద, బాత్రూం గోడకు, ఏసీ నీళ్లు కారే చోట, మధ్యాహ్నం ఎండ పడే గోడకు పెట్టకూడదు. మన గుంటూరు ఎండలకు గాలి ఆడని పెట్టెలో స్విచ్ ఉడికిపోతుంది. మనిషి ఎదురుగా నిలబడి పనిచేసే ఎత్తులో ఉండాలి. నిచ్చెన ఎక్కితే గానీ అందని రాక్‌ను ఎవరూ శుభ్రంగా ఉంచరు.

మూడో మెట్టు: కేబుల్ ఎంపిక

కేబుల్ లోపల ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. మెలిక అందం కోసం కాదు. బయటి నుంచి వచ్చే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన రెండింటి తేడాను మాత్రమే చూస్తారు కాబట్టి ఆ అలజడి కొట్టుకుపోతుంది. ఈ మెలి తీగకు టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందారు.

ఇప్పుడు చిన్న ఆఫీసుకు క్యాట్ 6 కేబుల్ చాలు. క్యాట్ 5ఈ కూడా సెకనుకు 1 గిగాబిట్ వేగం ఇస్తుంది కానీ, గోడ ఒకసారే పగలగొడతాం కాబట్టి క్యాట్ 6 వేయడం మేలు. ఒక తీగ పొడవు మొత్తం 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడలోని తీగ 90 మీటర్లు, రెండు చివర్ల పొట్టి కార్డులు కలిపి 10 మీటర్లు.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. బజారులో చవకగా దొరికే కొన్ని కేబుళ్లలో రాగి పైపూత మాత్రమే ఉంటుంది, లోపల అల్యూమినియం. దీన్ని సీసీఏ అంటారు. ఇది ప్రమాణాలకు సరిపడదు. తొందరగా విరుగుతుంది. కెమెరాలకు కరెంటు పంపితే ఎక్కువ వేడెక్కుతుంది. గుర్తు పట్టడం తేలిక. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, అసలు రాగిది బరువుగా ఉంటుంది.

కేబుల్ పెట్టెలో సాధారణంగా 305 మీటర్లు ఉంటుంది. మా 19 పాయింట్లకు సగటున 18 మీటర్ల చొప్పున 342 మీటర్లు కావాలి. అంటే రెండు పెట్టెలు. కేబుల్ పైతొడుగు మీద పొడవు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి అంకె, చివరి అంకె రాసుకుంటే ఎంత వాడామో ఓనరుకు లెక్క చెప్పవచ్చు. లెక్క చెప్పేవాడిని రెండోసారి పిలుస్తారు.

నాలుగో మెట్టు: తీగ లాగడం

ఇందులో పాటించవలసిన నియమాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

1. లాగక ముందే రెండు కొసలకూ ఒకే నంబరు రాయాలి. లాగిన తర్వాత రాద్దాం అనుకుంటే అప్పటికి ఏది ఏదో తెలియదు.

2. కరెంటు తీగలున్న పైపులో నెట్‌వర్క్ తీగ వేయకూడదు. పక్కపక్కన పోవలసి వస్తే ఎడం ఉంచాలి. దాటవలసి వస్తే నిలువుగా, అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించాలి.

3. బలంగా గుంజకూడదు. ఒక కేబుల్ మీద సుమారు 11 కిలోల లాగుడు మించితే లోపలి మెలికలు సాగిపోతాయి.

4. మడత పెట్టకూడదు. వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి కనీసం నాలుగు రెట్లు ఉండాలి. క్యాట్ 6 మందం ఇంచుమించు 6 మిల్లీమీటర్లు కాబట్టి ఒక అంగుళం వ్యాసార్ధానికి తగ్గకుండా గుండ్రంగా తిప్పాలి.

5. రాక్ దగ్గర ఒకటి రెండు మీటర్లు, గోడ పెట్టె దగ్గర జానెడు తీగ అదనంగా వదలాలి.

6. ప్లాస్టిక్ టైలతో గొంతు నులిమినట్టు బిగించకూడదు. వెల్క్రో పట్టీలు వాడితే మళ్లీ విప్పుకోవచ్చు.

7. పక్క భవనానికి డాబా మీదుగా రాగి కేబుల్ వేయకూడదు. పిడుగు పడితే ఆ తీగ వెంట కరెంటు లోపలికి వస్తుంది. అక్కడ ఫైబర్ వేయాలి. గాజు తీగలో కరెంటు పారదు.

ఐదో మెట్టు: కొసలు బిగించడం

ఎనిమిది తీగలను అమర్చే వరుసలు రెండు ఉన్నాయి: టీ568ఏ, టీ568బీ. మేము బీ వాడతాం. దాని వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఏది వాడినా తప్పు లేదు. కానీ భవనమంతా ఒక్కటే వాడాలి. ఎక్రాలు బట్టీ పట్టినట్టు దీన్ని కూడా బట్టీ పట్టండి.

బిగించేటప్పుడు మెలికను అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. గోడలోని గట్టి తీగను ప్యానెల్ వెనకా, గోడ పెట్టెలోనూ గుచ్చే పనిముట్టుతో బిగించాలి. ముందు వైపు పొట్టి కార్డులు మాత్రం రెడీమేడ్‌వి కొనడమే మంచిది. వాటిలో మెత్తని పోగుల తీగ ఉంటుంది కాబట్టి వంచినా విరగదు.

తర్వాత టెస్టర్ పెట్టాలి. ఒకటి నుంచి ఎనిమిది వరకు దీపాలు వరసగా వెలగాలి. అయితే దీపాలు వెలిగినంత మాత్రాన అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు. ఒక జతలోని తీగను పొరపాటున ఇంకో జతలోని తీగతో కలిపి, అదే తప్పు రెండు కొసలా చేస్తే చవక టెస్టర్ ‘బాగుంది’ అనే చెబుతుంది. కానీ మెలిక ప్రయోజనం పోయి వేగం పడిపోతుంది. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. అందుకే దీపాలతో పాటు కంటితో రంగుల వరుస చూడాలి. కంప్యూటర్లో వేగం 1 గిగాబిట్ చూపిస్తోందో లేదో కూడా చూడాలి.

ఆరో మెట్టు: పేర్లు పెట్టడం

నా దృష్టిలో మిగిలిన మెట్లన్నిటికంటే ఇదే ముఖ్యం. మనం హాస్టల్లో చేరిన మొదటి రోజే పళ్లెం వెనక పేరు కొట్టించుకుంటాం. ట్రంకు పెట్టె మీద పెయింటుతో పేరు, తరగతి రాయిస్తాం. ఎందుకు? వంద పళ్లెాలు ఒకలాగే ఉంటాయి కాబట్టి. కేబుళ్లు కూడా అంతే. గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే మా నాన్నకు చదువు రాదు. అయినా బస్తా మీది గుర్తు చూసి అది ఏ కొట్టుకు పోవాలో చెప్పేస్తాడు. గుర్తు ఉంటే చదువు రానివాడు కూడా పని చేయగలడు. గుర్తు లేకపోతే ఎం.సి.ఏ. చదివినవాడు కూడా నాలా తప్పు చేస్తాడు.

మా పద్ధతి చాలా సాదా. ప్యానెల్లో ఏ నంబరులో ముగుస్తుందో అదే ఆ పాయింటు నంబరు. కింది అంతస్తు అయితే ‘కింద-07’, పై అంతస్తు అయితే ‘పైన-14’. ఒక నంబరు భవనం మొత్తంలో ఒక్కసారే వస్తుంది. ఇదే పేరు మూడు చోట్ల రాస్తాం: తీగ రెండు కొసల మీద, గోడ పెట్టె మూత మీద, ప్యానెల్ మీద. దుకాణంలోని కుర్రాళ్లు చదవగలగాలని తెలుగులోనే రాశాం. లేబుల్ మిషన్ లేకపోయినా చెరగని మార్కరు, తెల్లకాగితం, పైన సెల్లోటేపు సరిపోతాయి. పొట్టి కార్డులకు రంగులు ఎంచుకున్నాం: కంప్యూటర్లకు నీలం, కెమెరాలకు ఎరుపు, రూటర్‌కు పసుపు.

తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్. అందులో ఏ నంబరు ఎక్కడికి పోతుంది, ఏ పరికరం ఎప్పుడు కొన్నారు, గ్యారంటీ ఎప్పటి వరకు అని రాయాలి. ఐపీ చిరునామాలు కూడా అందులోనే రాయాలి. మేము రూటర్‌కు 192.168.1.1, ప్రింటర్లకు, రికార్డర్‌కు, స్థిరంగా ఉండే ఇతర పరికరాలకు 2 నుంచి 50 లోపు, మిగిలిన వాటికి రూటర్ తనంతట తానే పంచేలా 100 నుంచి 200 వరకు కేటాయించాం. ఇలా విడదీస్తే రెండు యంత్రాలకు ఒకే చిరునామా వచ్చి తగువు పడే అవకాశం ఉండదు. పుస్తకం నకలు ఒకటి రాక్ తలుపు లోపల అంటించాలి. పాస్‌వర్డులు మాత్రం అక్కడ రాయకూడదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చి, కొత్తది కవరులో పెట్టి ఓనరు గారి చేతికే ఇవ్వాలి.

పాత చిక్కు విప్పేదెలా?

కొత్త భవనంలో సర్దడం తేలిక. నడుస్తున్న దుకాణంలో కష్టం. అక్కడ అన్నీ ఒకేసారి పీకేస్తే సోమవారం ఉదయానికి దుకాణం తెరవలేం. మేము ఆ పనికి రెండు ఆదివారాలు తీసుకున్నాం. ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచి ఫొటోలు తీశాం. ఒక్కో పోర్టులో ఏ కేబుల్ ఉందో తాత్కాలిక చీటీ అంటించాం. ఒక కొసన శబ్దం పంపి రెండో కొసన వినిపించే టోనర్ అనే పనిముట్టుతో ప్రతి తీగ అవతలి కొసను వెతికాం. మొదటి ఆదివారం పాత వాటిని కదపకుండా కొత్త రాక్, కొత్త తీగలు వేశాం. రెండో ఆదివారం ఒక్కో యంత్రాన్ని కొత్త తీగకు మార్చి, పనిచేస్తోందని చూశాకే తర్వాతి దానికి వెళ్లాం. చివరగా చచ్చిపడి ఉన్న పాత తీగలు తీసేశాం. అలాంటివి తొమ్మిది దొరికాయి. వాటిలో నన్ను ఏడిపించిన ఆ ముక్క కూడా ఉంది. దాన్ని ఇప్పటికీ నా సంచిలో ఉంచుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఆ దుకాణం కుర్రాడు ఫోన్ చేశాడు.

“అన్నా, మేడ మీద గోడౌన్ కెమెరా రావట్లేదు.”

“కెమెరా దగ్గర మూత మీద ఏముంది చూడు తమ్ముడూ.”

“పైన-14 అని ఉంది.”

“రాక్‌లో 14 నుంచి వచ్చే ఎర్ర కార్డు తీసి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టు.”

కెమెరా తిరిగి వచ్చింది. మొత్తం ఐదు నిమిషాలు. ఒకప్పుడు రెండు గంటలు వెతికిన చోటే ఇది జరిగింది.

ఒక ప్రశ్న

ఈ వృత్తిలో కొందరు నాతో ఒక మాట అన్నారు: “లేబుళ్లు పెడితే మనల్ని మళ్లీ ఎవరు పిలుస్తారు? చిక్కు అలాగే ఉంటేనే మనకు తిండి.” ఈ మాటలో కొంత లోకజ్ఞానం ఉంది. ఇదే మాట మేస్త్రి అన్నను అడిగితే ఆయన నవ్వి, “చిక్కు పెట్టినవాడిని తిట్టుకుంటూ పిలుస్తారు. విప్పినవాడి పేరు ఇంకో నలుగురికి చెబుతారు” అన్నారు. నిజంగానే ఆ దుకాణం ఓనరు గారు చెప్పగా మాకు తర్వాత మూడు చోట్ల పని వచ్చింది.

నాకు మాత్రం ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. స్కాలర్‌షిప్ ఫారం ఏ కౌంటరులో ఇవ్వాలి, ఏ సర్టిఫికెట్ ముందు తీసుకోవాలి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి – మా ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఒక కాగితం కోసం మూడుసార్లు బస్సు ఎక్కిన రోజులున్నాయి. తెలిసినవాళ్లు లేక కాదు, తెలిసింది ఎవరూ రాసి పెట్టకపోవడం వల్ల. ఇంటర్‌లో నాకు దారి చూపింది మన హాస్టల్ సీనియర్ ఒకరు తన నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఇచ్చిన పదకొండు వరసలు. అందుకే తీగ మీద పేరు రాసేటప్పుడు నాకు అది చిన్న పనిగా అనిపించదు. తర్వాత వచ్చేవాడు ఎవరో మనకు తెలియదు. అయినా వాడు చీకట్లో వెతుక్కోకూడదు.

చివరిగా

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో కూడా బల్లల కింద తీగలు ఎలా ఉన్నాయో పోయినసారి వచ్చినప్పుడు చూశాను. ఏమీ అనుకోకండి, మెట్ల కింది ఆ స్విచ్చే గుర్తొచ్చింది. వార్డెన్ గారు అనుమతిస్తే, వార్షికోత్సవం అయిన తర్వాతి ఆదివారం నేను టెస్టర్, గుచ్చే పనిముట్టు, రెండు మార్కర్లు తీసుకుని వస్తాను. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు ఎవరైనా నలుగురు రండి. కరెంటు ఆపి, ముందు కాగితం మీద లెక్క వేద్దాం. తర్వాత ఒక్కో తీగకూ పేరు పెడదాం. ఒక నోట్‌బుక్ మాత్రం హాస్టల్ తరఫున కొని ఉంచండి. అందులో మొదటి పేజీ మీరే రాయాలి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ. చివరి సంవత్సరం